అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరు?

టీమ్‌లో ఒక్కడు గట్టివాడుంటే మేనేజర్‌కి పండగే, అందరూ గట్టివాళ్ళే అయితే మాత్రం తలనొప్పి అక్కడ్నుంచే మొదలవుతుంది. కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళకి ఈ మాట చెప్తే నమ్మరు, నేనూ నమ్మలేదు. మంచివాళ్ళని ఏరి కూర్చోబెడితే ఇక మనం చేసేదేముంది, బండి దానంతటదే నడిచిపోతుంది అనుకుంటాం కదా. ఎనిమిది మంది, ఒక్కొక్కళ్ళూ నాకంటే రెండాకులు ఎక్కువ చదివినవాళ్ళే, అలాంటి టీమ్ చేతికొచ్చినప్పుడు నేను చేసిన మొదటి తప్పు కూడా అదే. వాళ్ళ మానాన వాళ్ళని వదిలేసి దానికి నమ్మకం అని పేరు పెట్టుకున్నాను. నిజానికి అది బద్ధకం, కాకపోతే కొంచెం మర్యాదగా కనిపించే బద్ధకం.

ఇంత తెలివైనవాళ్ళకి మేనేజర్ ఎందుకు అనే డౌట్ గూగుల్ వాళ్ళకీ వచ్చింది. 2002లో అక్కడ ఇంజనీరింగ్ మేనేజర్లనే లేకుండా చేసి చూశారు, కాలేజీ వాతావరణంలా ఉంటే ఐడియాలు గబగబా పుడతాయని ఆశ. కొన్ని నెలలే నడిచింది. ఖర్చుల బిల్లు పాస్ చెయ్యాలన్నా, ఇద్దరి మధ్య మాటపట్టింపు వచ్చినా అందరూ తిన్నగా కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టారు. తర్వాత ఇదే కంపెనీ ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని పేరు పెట్టి, మంచి మేనేజర్ అంటే అసలు ఏం చేస్తాడో తన దగ్గరున్న డేటాలోనే వెతికింది. ఎనిమిది లక్షణాలు తేలాయి. అందులో మొదటిది మంచి కోచ్ అవ్వడం, రెండోది ప్రతిదాంట్లో వేలు పెట్టకుండా టీమ్‌కి అధికారం ఇవ్వడం, టెక్నికల్‌గా దిట్ట అయ్యుండటం ఎనిమిదిట్లో ఎనిమిదోది. ఇంజనీర్ల కంపెనీలో! నాలాంటి వాళ్ళు మాత్రం ఆ ఎనిమిదోదాన్నే ఒకటో నంబర్ అనుకుని, టీమ్‌లో అందరికంటే మనకే ఎక్కువ తెలియాలని రాత్రుళ్ళు కూర్చుని చదువుతుంటాం.

సరే, మా సాఫ్ట్‌వేర్ టీమ్ సంగతికొస్తాను. అందులో ఒకబ్బాయి ఉండేవాడు, మాట తక్కువ. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, రాత్రి మా కోడ్ మీద నడిచిన టెస్టుల్లో ఏవి ఫెయిలయ్యాయో ఆ లిస్టు తెరిచి, ఒక్కోటీ చూసి, చిన్నవి తనే సరిచేసేసి పెద్దవాటికి ఏ ఫైల్ ఎవరిదో వెతికి వాళ్ళకి రెండు ముక్కలు రాసి పెట్టేవాడు. మిగతావాళ్ళు వచ్చి సిస్టమ్ ఆన్ చేసేసరికి బోర్డు మీద దాదాపు అంతా ఆకుపచ్చగా, అంటే పాసైనట్టు ఉండేది. ఆ ఆకుపచ్చ దానంతటదే వస్తుందని మేం అనుకునేవాళ్ళం. అప్రైజల్ టైమ్‌కి అతను నింపిన షీటు నాలుగు లైన్లు, పక్కసీటు స్టార్ నింపింది రెండు పేజీలు. నేను నాలుగు లైన్లకి నాలుగు లైన్ల రేటింగే ఇచ్చాను, పర్లేదు బానే చేస్తున్నాడు అన్నట్టు. అతను చదువుకుని "సరేనండీ" అన్నాడు. ఏడు వారాలకి రిజైన్ చేశాడు, కారణం అడిగితే వేరే ఆఫర్ వచ్చిందన్నాడు, అది నిజమే, కానీ ఆఫర్ కోసం వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు అర్థమైంది.

అతను వెళ్ళిన మొదటి రోజు ఫెయిలైనవి మూడు. ఎవరూ పట్టించుకోలేదు, ఎవరో ఒకరు చూస్తార్లే అని. వారం తిరిగేసరికి నలభై దాటాయి, అందులో ఏది అసలు తప్పో ఏది దాని వల్ల వచ్చిన కొసరు తప్పో తేల్చడానికే ఇద్దరు సీనియర్లు రెండ్రోజులు కూర్చున్నారు. ఎనిమిది మంది గట్టివాళ్ళ టీమ్‌లో అందలం ఎక్కినవాళ్ళు ఎవరో నాకు బాగా తెలుసు, మోసినవాడెవరో అతను భుజం దించాకగానీ తెలియలేదు.

నేను చెప్పదల్చుకున్నదల్లా ఇదే. టాలెంట్ ఉన్న టీమ్‌లో పని చెయ్యమని ఎవర్నీ తోలక్కర్లేదు, వాళ్ళు ఎలాగూ చేస్తారు. కానీ పేరొచ్చే పనికి పదిమంది పోటీ పడతారు, పేరు రాని పని ఒక్కడి నెత్తిన పడుతుంది, ఆ ఒక్కడు ఎవరో చూసి లెక్కలో రాయడమే మేనేజర్ పనిలో సగం.

మామూలుగా మనం మనిషి మనిషికీ విడిగా మార్కులేస్తాం. దీని మీద నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆఫీసులది కాదు, కోళ్ళది. నవ్వకండి. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో విలియం మ్యూర్ అనే జన్యుశాస్త్రవేత్త ఉండేవారు, ఆయన 1996లో అచ్చయిన పరిశోధన ఇది. బోనుల్లో గుంపుగా పెంచే కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయి, అది ఆ వ్యాపారంలో పాత సమస్య. ఏ కోడి ఎక్కువ గుడ్లు పెట్టిందా అని విడివిడిగా చూడకుండా ఏ బోను మొత్తంగా బాగుందో చూసి, ఆ బోను కోళ్ళనే తర్వాతి తరానికి ఎంచుకుంటూ పోయారు. రెండో తరంలో ఏడాదికి 68 శాతం కోళ్ళు చచ్చిపోతే నాలుగో తరానికి అది 8.8 శాతానికి దిగింది, బోనులో పెట్టిన కోడికి సగటున 91 గుడ్లు వచ్చేవి కాస్తా 237 అయ్యాయి. ఇలా గుంపుని కాకుండా ఒంటరిగా ఎక్కువ పెట్టేదాన్నే ఏరుకుంటూ పోతే పక్కదాన్ని పొడిచే గుణాన్ని కూడా దాంతోపాటే ఏరుకుంటున్నామన్న ప్రమాదం ఉంది. మనుషులు కోళ్ళు కాదు, ఒప్పుకుంటాను, కానీ కొన్ని రివ్యూ మీటింగులు చూశాక అంత గట్టిగా వాదించలేను.

మనుషుల్లో ఇలా ఒక్కొక్కళ్ళనే విడిగా ఏరే పని పెద్ద ఎత్తున చేసి చూసిన కంపెనీలున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ హయాంలో 20-70-10 అనే పద్ధతి నడిచింది, పై 20 శాతానికి బహుమానాలు, అడుగు 10 శాతానికి బయటికి దారి. మైక్రోసాఫ్ట్‌లోనూ ఉద్యోగుల్ని ఇలా వరసలో నిలబెట్టే రేటింగ్ ఏళ్ళ తరబడి ఉండి, 2013 నవంబర్‌లో ఎత్తేశారు. ఇది టాలెంట్ ఉన్న టీమ్‌ని సరిగ్గా ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. పదిమందీ బాగా చేసినా ఒకడు అట్టడుగున ఉండాల్సిందే అంటే, తెలివైనవాడు ఏం చేస్తాడు, తనకంటే తెలివైనవాళ్ళున్న టీమ్‌లోకి వెళ్ళడు, మామూలోళ్ళ మధ్య మహారాజులా ఉంటాడు. పక్కవాడికి సాయం చేస్తే తన ర్యాంకు తనే తగ్గించుకున్నట్టు. అడగని దానికి చెప్పడు, అడిగినా సగమే చెప్తాడు. మంచివాళ్ళని మంచివాళ్ళ పక్కన కూర్చోబెట్టడానికి అంత ఖర్చుపెట్టి, తీరా వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు దూరం జరిగేలా రూల్ రాసుకున్నట్టే కదా ఇది. పేరు మార్చి ఇదే పని చేసే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి, దానికి బెల్ కర్వ్ అని చక్కటి పేరు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారు కదా, అది ఎంత వరకు నిజం అని ఆటల లెక్కలతో చూసినవాళ్ళు కూడా ఉన్నారు. రోడరిక్ స్వాబ్, ఇంకొంతమంది కలిసి 2014లో వేసిన పేపర్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ టీమ్‌ల్లో స్టార్లు ఒక హద్దు దాటి పెరిగితే ఫలితం తగ్గుతోందనీ బేస్‌బాల్‌లో అలా లేదనీ తేల్చారు. బేస్‌బాల్‌లో బ్యాటర్ పని బ్యాటర్‌ది, బంతి చేతులు మారుతూ ఉండే ఆటలోనే ఈ గొడవంతా. దీన్ని అందరూ ఒప్పుకోలేదు, 2021లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కలు మళ్ళీ తిరగేసినవాళ్ళు స్టార్లు పెరిగేకొద్దీ లాభం పెరగడం నెమ్మదిస్తుందే గానీ నష్టమేమీ లేదన్నారు. నాకైతే నష్టమా కాదా అన్నది కాదు ముఖ్యం, మీ టీమ్ ఏ ఆట ఆడుతోంది అన్నది ముఖ్యం. ఎవరి ఏరియా వాళ్ళు చూసుకునే సేల్స్ టీమ్ అయితే ఎంతమంది స్టార్లయినా పర్లేదు. ఒకడు వదిలిన చోట ఇంకొకడు అందుకోవాల్సిన పని అయితే, అందుకునేవాడికీ అందించేవాడికీ విలువ లేకపోతే బంతి కింద పడుతుంది.

ఇంకో విషయం, భయం గురించి. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో హాస్పిటళ్ళలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేశారు. మంచి టీమ్‌లున్న వార్డుల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుని లెక్క చూస్తే తిరగబడింది, అక్కడే ఎక్కువ కనిపించాయి. తర్వాత తెలిసిందేంటంటే అక్కడ తప్పులు ఎక్కువ జరగడం కాదు, జరిగినవాటిని బయటికి చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల నర్సులు కప్పిపుచ్చుకుంటున్నారు. తప్పుని భయం లేకుండా బయటికి చెప్పుకోగలగడాన్నే ఆవిడ 1999 పేపర్లో సైకలాజికల్ సేఫ్టీ అన్నారు, 2012లో మొదలైన గూగుల్ ప్రాజెక్ట్ అరిస్టాటిల్‌లో 180 టీమ్‌లని చూసి వాళ్ళు మొదటి స్థానం ఇచ్చిందీ దీనికే, టీమ్‌లో ఎవరెవరున్నారు అన్నదానికంటే వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా ఉంటున్నారు అన్నదే ఎక్కువ తేడా చూపించింది.

ఇప్పుడీ సైకలాజికల్ సేఫ్టీ అనే మాట ప్రతి ట్రైనింగ్ స్లైడ్‌లోనూ ఉంది, ఉండి ఉండి అందరితో తీయగా మాట్లాడటం అనే అర్థానికి జారిపోయింది. టాలెంట్ ఉన్న టీమ్‌లో భయం బాస్‌ది కాదు. పక్కవాడిది. వీడికి ఇది కూడా తెలియదా అని పక్కసీటువాడు అనుకుంటాడేమో అన్న భయం, అది మహా గట్టిది, ఎంత తెలివైనవాడికి అంత ఎక్కువ. ఒకసారి డిజైన్ మీటింగ్‌లో మా స్టార్ బోర్డు నిండా డబ్బాలూ బాణాలూ గీసి ముప్పావుగంట చెప్పాడు, అందరూ తలలూపారు. నాకు సగం నుంచి అర్థం కాలేదు. పరువు పోతే పోయిందని "ఆ మూడో డబ్బా నుంచి మళ్ళీ చెప్పండి, నాకెక్కలేదు" అన్నాను. గదంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం, తర్వాత మెల్లగా ఒకరు నాకూ అన్నారు, ఇంకొకరు నాకూ అన్నారు, చివరికి తేలిందేంటంటే ఆ మూడో డబ్బా దగ్గర డేటా రెండుసార్లు రాసేస్తోంది, గీసినవాడు కూడా చూసుకోలేదు. మేనేజర్‌కి టెక్నికల్‌గా అందరికంటే ఎక్కువ తెలియకపోవడం వల్ల ఒక లాభం ఉందని నాకు ఆ రోజు తెలిసింది, తెలియదని ముందు అనగలిగేది మనమే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పని ఆలస్యమైతే ఇంకో నలుగుర్ని తెచ్చి పడేయడం పైవాళ్ళ అలవాటు, ఐబీఎమ్‌లో ఓఎస్ 360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ అది ఇంకా ఆలస్యం చేస్తుందని 1975లోనే రాశారు, లెక్క కూడా సింపుల్, ఐదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకునే దారులు పది, పదిమందైతే నలభై అయిదు. అలాగే బాగా పనిచేసేవాడికి బహుమానంగా మేనేజర్ పోస్ట్ ఇవ్వడం. అతనికి మనుషులతో పని ఇష్టమా అని ఎవరూ అడగరు, ఒక మంచి పనివాడు పోతాడు ఒక నీరసం మేనేజర్ వస్తాడు. డబ్బు పెరిగేది, హోదా పెరిగేది కానీ కింద మనుషులుండని మెట్లు కూడా ఉండాలి. ఇక దున్నే ఎద్దునే పొడవడం గురించి ఎంత చెప్పినా తక్కువే, త్వరగా ముగించేవాడికి బహుమతి ఇంకో పని, నెమ్మదిగా ఉండేవాడికి బహుమతి సాయంత్రం. ఆర్నెల్లు చూసి ఆ ఎద్దు కూడా నెమ్మదించడం నేర్చుకుంటుంది, లేదా కాడి దించి వెళ్ళిపోతుంది.

ఆ అబ్బాయి వెళ్ళాక నేను చేసిన మార్పు చాలా చిన్నది. అప్రైజల్ ఫారంలో ఒక ప్రశ్న కలిపాను, "ఈ ఆర్నెల్లలో మీ పని ఎవరి వల్ల తేలికైంది, ఏం చేశారు" అని. పేరొక్కటే రాస్తే కుదరదు, ఏం చేశారో కూడా రాయాలి. మొదటిసారి ఏడుగురు నింపితే ఐదుగురు ఒకే పేరు రాశారు, నేను అస్సలు ఊహించని పేరు, టెస్టింగ్ చూసే అమ్మాయి. ఒకరు రాసింది ఇప్పటికీ గుర్తుంది, "నా బగ్ రిపోర్ట్‌లు తను రాస్తే నేను వెతకక్కర్లేదు, ఏ లైనో తనే చెప్పేస్తుంది." ఆమె రేటింగ్ మార్చడానికి నేను హెచ్ఆర్‌తో మూడు మీటింగులు కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ ప్రశ్నకి వాళ్ళ సిస్టమ్‌లో మార్కుల గడి లేదు.

మా స్టార్ పేరు ఎవరూ రాయలేదు. అతను వచ్చి నా పేరు ఎంతమంది రాశారు అని అడిగాడు, చెప్పకుండా దాటేద్దామనుకుని మళ్ళీ ఆగి ఎవరూ లేరని చెప్పేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి నేను చేసిన పనో" అన్నాడు. దానికి రేటింగ్ వచ్చింది కదా అన్నాను, తగ్గించలేదు కూడా. రెండు నెలలకి అతనూ వెళ్ళిపోయాడు. రిలీజ్ ఆరు వారాలు వెనక్కి జరిగింది, ఆ ఆరు వారాలూ ప్రతి సోమవారం పైవాళ్ళ ముందు కూర్చుని సమాధానం చెప్పుకున్నాను. ప్రశ్న మాత్రం ఫారంలోంచి తీయలేదు.