కాల్షియం స్కాన్: స్కోరు చెడకుండా రేడియేషన్ ఎంత తగ్గించగలం?

గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే సీటీ స్కాన్‌లో ఒంటికి తగిలే రేడియేషన్ ఇప్పుడు 1 మిల్లీసీవర్ట్‌కు అటూఇటూగా ఉంటోంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేదే 2.4. అంటే ఇది చిన్న మోతాదే. కాకపోతే ఈ పరీక్షకు వచ్చేవారిలో చాలామందికి ఏ జబ్బు లక్షణమూ ఉండదు. అందుకే తగ్గించగలిగినంత తగ్గించాలి. చిక్కల్లా ఒకటే: మామూలు సీటీల్లో అందరూ ముందుగా పట్టుకునే ఉపాయం ఇక్కడ ఎదురుతిరుగుతుంది.

ఆ ఉపాయం కిలోవోల్టేజీ, అంటే ఎక్స్‌రే ట్యూబుకిచ్చే వోల్టేజీ (కేవీ) దించడం. కాల్షియం ఎంతుందో ఒక్క అంకెలో చెప్పే స్కోరును 1990లో వైద్యుడు అగాట్‌స్టన్ బృందం ఇచ్చింది. అది 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీ చిత్రంలో తెలుపును కొలిచే యూనిట్లు) గీత మీద నిలబడింది. ఆ గీతను అందుకుని, కనీసం 1 చదరపు మిల్లీమీటరు ఉన్న మచ్చనే కాల్షియంగా లెక్కిస్తారు. మచ్చ తెలుపు 200, 300, 400 చేరేకొద్దీ దాని వైశాల్యాన్ని హెచ్చించే గుణకం 2, 3, 4 అవుతుంది. 120 కేవీ నుంచి 100కు దిగితే అదే కాల్షియం ఇంకా తెల్లగా కనబడి, స్కోరు ఊరికే పెరుగుతుంది. 100 కేవీ దగ్గర గీతను 147కు జరిపి చూసినవారున్నారు కానీ, ఆ సవరణను ప్రతి యంత్రానికీ విడిగా సరిచూడాలి. అంతకన్నా తగరం ఫిల్టర్ మేలు. బలహీనమైన కిరణాలను అది ముందే ఆపేస్తుంది కాబట్టి 100 కేవీలో కూడా కిరణాల సగటు శక్తి 120 కేవీలో ఉండేదాని దగ్గరికి వస్తుంది. గీత 130 దగ్గరే ఉంటుంది, మోతాదు అర మిల్లీసీవర్ట్ కిందికి దిగగలదు.

ఫిల్టర్ లేనిచోట మిగిలింది ట్యూబు కరెంటు, అంటే ఎన్ని కిరణాలు వెలువడాలో తేల్చేది, తగ్గించడం. దానికీ హద్దుంది. రక్తం సుమారు 40 యూనిట్ల దగ్గర ఉంటుంది. గీతకు దూరం 90. చిత్రంలో నాయిస్ (కిరణాలు తగ్గితే పెరిగే గరుకుతనం) 20 ఉంటే ఆ దూరం దానికి నాలుగున్నర రెట్లు. నాయిస్ 40కి చేరితే రెండు రెట్లు దాటి కొంచెమే. అప్పుడు ఉత్త గరుకుతనమే కాల్షియం చుక్కల్లా లెక్కలోకి వస్తుంది, సున్నా స్కోరు మనిషి సున్నా కాకుండా పోతాడు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వేయాలా వద్దా అన్నది తరచూ ఆ సున్నా మీదే ఆధారపడుతుంది. మధ్యస్థ శరీరానికి 20, లావుపాటివారికి 23 నాయిస్ చాలన్నది పాత ఏకాభిప్రాయం. కరెంటును మనిషి కొలతను బట్టి పెట్టాలి తప్ప అందరికీ ఒకే అంకె కాదు. చిత్రాన్ని కంప్యూటర్ పదేపదే సరిదిద్దుతూ కూర్చే ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్‌తో నాయిస్‌ను నునుపు చేయొచ్చనే ఆశ సహజమే. గట్టిగా వాడితే మాత్రం అసలైన చిన్న మచ్చలు కూడా చెరిగి స్కోరు పడిపోతుంది.

స్కోరును తాకకుండా దక్కే లాభాలు ఆకర్షణీయంగా ఉండవు, అందుకే నిర్లక్ష్యానికి గురవుతాయి. ఈసీజీని బట్టి గుండె దాదాపు కదలని క్షణంలోనే ఎక్స్‌రే వెలగాలి. బీట్ పొడుగునా వెలిగించి తర్వాత ఏరుకునే పద్ధతి ఈ పరీక్షకు అక్కర్లేదు. శ్వాసనాళం చీలే చోటు నుంచి గుండె కొన వరకే తీయాలి. 14 సెంటీమీటర్లు సరిపోయేచోట 18 తీస్తే మోతాదు పావువంతుకు పైగా పెరుగుతుంది. చేతులు తలపైకి ఉండాలి, ఒళ్లు గ్యాంట్రీ (యంత్రపు గుండ్రటి చట్రం) సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎక్స్‌రే ట్యూబు కింద ఉండి స్కౌట్ (స్కాన్‌కు ముందు కొలతల కోసం తీసే చిత్రం) తీసేటప్పుడు టేబుల్ మరీ కిందుంటే మనిషి పెద్దగా కనబడి, యంత్రం తానే కరెంటు పెంచేస్తుంది. రొమ్ము మీద కిరణాలను అడ్డుకునే బిస్మత్ లోహపు షీల్డ్ వేయడం మంచి ఉద్దేశమే అయినా, అది హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లను కదిలిస్తుంది కాబట్టి వద్దు.

అసలు తీయకపోవడాన్ని మించిన కోత లేదు. స్టెంట్ పడినవారికి ఈ స్కోరుతో కొత్తగా తెలిసేదేమీ లేదు. సున్నా వచ్చినవారికి ఏడాదికే మళ్లీ తీయడం వ్యర్థం. వేరే కారణంతో ఇటీవలే ఛాతీ సీటీ తీసి ఉంటే, ముందు అందులో ధమనులను చూడాలి. కాల్షియం దండిగా ఉంటే అక్కడే కనిపిస్తుంది.

రెండు కేంద్రాల మోతాదులు పోల్చేవారు మిల్లీసీవర్ట్‌లు కాకుండా డీఎల్‌పీ (స్కాన్ తీసిన పొడవు మొత్తానికీ యంత్రం చూపే మోతాదు అంకె) అడగాలి. దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తేనే మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. డీఎల్‌పీ 70 ఉన్న స్కాన్ ఛాతీకి వాడే 0.014 గుణకంతో 0.98 మిల్లీసీవర్ట్ అవుతుంది, గుండెకు సూచించిన 0.026తో 1.82 అవుతుంది. స్కాన్ మాత్రం అదే.