గాజు గిన్నె, మేత డబ్బా చాలా?

వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. "చేపలు పెంచడానికి హంగామా ఏమీ అక్కర్లేదు. గాజు గిన్నె, మేత డబ్బా చాలు. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, గిన్నె శుభ్రంగా తోమి, కొత్త నీళ్లు పోయండి. చేప పైకొచ్చి నోరు తెరిస్తే ఆకలేసినట్టు, మేత వేయండి. చేప గిన్నెను బట్టే పెరుగుతుంది. ఫిల్టర్లూ థర్మామీటర్లూ అన్నీ అమ్ముకునేవాళ్ల ఎత్తుగడ." ఆఖరి మాటలో కాస్త నిజం ఉంది. అందుకే కాబోలు, మిగతాదంతా చెల్లిపోతోంది.

ముందు ఆ నీళ్లన్నీ పారబోసే సంగతి చూద్దాం. చాలా చేపల ప్రాణం తీసేది ఇదే. చేప విసర్జించే అమ్మోనియాలో చాలా భాగం మొప్పల గుండానే నీళ్లలోకి పోతుంది. దానికి రంగు లేదు. నీళ్లు అద్దంలా మెరుస్తూ ఉండగానే లోపల చేప మొప్పలు కాలిపోతుంటాయి. ఈ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, అది ఎక్కితే రక్తం ఆక్సిజన్ మోయలేదు. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ, ఫిల్టర్ స్పాంజినీ గులకరాళ్లనీ గాజునీ పట్టుకుని ఉండేదే ఎక్కువ. అంటే "శుభ్రంగా తోమడం" వల్ల పోయేది మురికి ఒక్కటే కాదు. నేనూ ఒకసారి స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండాను. మూడో రోజుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఊపిరాడక. ఆ సందేశం ప్రకారమైతే వాటికి ఆకలేసిందన్నమాట!

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చాన్నాళ్లు మార్చని నీళ్లలో ఆమ్ల గుణం పెరుగుతుంది. ఆమ్ల గుణం ఉన్నంతసేపు అమ్మోనియాలో చాలా భాగం అమ్మోనియంగా, అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. అందులో క్షార గుణం ఉన్న కుళాయి నీళ్లు గబగబా పోస్తే, మిగిలి ఉన్న అమ్మోనియం మళ్లీ విషం అవుతుంది. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్. "నీళ్లు మార్చిన రోజే పోయిందండీ, బాగానే చూసుకున్నాం" అని వాపోయేవాళ్ల ఇళ్లలో జరిగేది చాలాసార్లు ఇదే. వారానికి నాలుగో వంతు మారిస్తే చాలు. కొత్త నీళ్ల వేడి తొట్టి నీళ్లకు దగ్గరగా ఉండాలి, క్లోరిన్ విరిచే మందు కలపాలి. ఒక రోజు నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది గానీ, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే మెల్లగా పిండాలి.

ఫిల్టర్ ఎత్తుగడ కాదు, ఆ బ్యాక్టీరియాకు ఇల్లు. అయితే కొన్న రోజే పని మొదలెట్టదు. బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఫిల్టర్ నీళ్ల పైభాగాన్ని కదిలిస్తుంటే గాలి కూడా బాగా కలుస్తుంది. మూతి ఇరుకైన గుండ్రటి గిన్నెలో ఇదే కరువు. నీళ్లు వేడెక్కితే మరీ కష్టం: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే.

మేత సంగతి సులువు. రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంతే వేయాలి. ఒక పూట మరిచిపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏమీ కాదు.

"గిన్నెను బట్టే పెరుగుతుంది" అన్నది సగం నిజం, అందుకే ప్రమాదం. చెడ్డ నీళ్లలో ఎదుగుదల ఆగిపోవడం సర్దుకుపోవడం కాదు, జబ్బు. మామూలు గోల్డ్‌ఫిష్ చోటుంటే 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. గిన్నెలో ఏడాది బతికితే "ముచ్చటగా చిన్నగా ఉంది" అని మురిసిపోతాం. ఫైటర్ చేపకు గ్లాసెడు నీళ్లు చాలంటారు, పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి. పీల్చుకోగలదు, నిజమే. దాని అమ్మోనియా మాత్రం ఆ గ్లాసులోనే ఉంటుంది. పైగా దానికి 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి, అది తెలియాలంటే ఆ థర్మామీటరే దిక్కు.

ఇక ఎత్తుగడల మాట. రంగు రాళ్లు, ప్లాస్టిక్ కోటలు, నీళ్లను "తళతళలాడించే" సీసాలు లేకపోయినా చేపకు లోటు లేదు, ఒప్పుకుంటాను. తగినంత పెద్ద తొట్టి, ఫిల్టర్, క్లోరిన్ మందు, థర్మామీటర్, అమ్మోనియా, నైట్రైట్ చూసే పరీక్ష కిట్, అడుగున పేరుకున్న మురికి లాగే గొట్టం మాత్రం కావాల్సిందే. కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి.

ఇప్పటికే గిన్నెలో చేప ఉంటే, ఇది చదివి కంగారుపడి నీళ్లన్నీ ఒక్కసారి పారబోయకండి. ఇవాళ కొంచెం, రేపు కొంచెం, క్లోరిన్ విరిచిన నీళ్లు కలుపుతూ మార్చండి. మేత తగ్గించండి. ఈలోగా తొట్టి, ఫిల్టర్ చూసుకోండి. తెలిసినవాళ్ల ఇంట్లో ఎన్నాళ్లుగానో నడుస్తున్న, జబ్బుల్లేని తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోంచి ఒక మురికి స్పాంజి ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి.