నెత్తిమీద తొమ్మిది అంగుళాలు

మనిషికి తల ఎంత ముఖ్యమో శాస్త్రాలు ఘోషిస్తున్నాయి గానీ, కారుకు ఎంత తల ఉండాలన్న విషయం మీద పండితులెవరూ గట్టిగా విచారణ చేసినట్టు లేదు. ఈ లోటు తీర్చే భారాన్ని దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు తమ మీద వేసుకున్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు నెత్తిమీద మూడు నాలుగు అంగుళాలు శుద్ధ దండగ అని తేల్చారు. తేల్చి ఊరుకోకుండా రంపం తీసుకుని టాపు కోసేశారు. దీన్ని వాళ్ళు చాప్ చేయడం అంటారు. ఇలా వేగం కోసం కోసి, పీకి మార్చుకున్న పాత బండి పేరు హాట్ రాడ్. అలా కోతపడ్డ పాత ఫోర్డ్ కూపేలను, అంటే బిగించిన టాపున్న రెండు తలుపుల కార్లను, ఇప్పుడు చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టి మరీ చూపిస్తున్నారు. ఈ సత్కారం న్యాయమైనదేనని, నిజానికి ఇంకా చాలదని సవినయంగా మనవి చేయడానికే ఈ వ్యాసం.

అసలు తప్పంతా హెన్రీ ఫోర్డ్ గారిది. ఎనిమిది సిలిండర్లంటే బాగా డబ్బున్నవాళ్ళ వ్యవహారంగా ఉన్న రోజుల్లో, 1932లో, ఆయన సామాన్యుడి కారులో వీ-8 ఇంజన్ పెట్టాడు. 221 ఘనపు అంగుళాలు, 65 గుర్రాల బలం. రెండేళ్ళలో దాన్నే 85కి పెంచాడు. ఇంత చేసి, ఆ ఇంజన్ వెనకాల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి టోపీ తీయనక్కర్లేకుండా కూర్చునేంత ఎత్తున టాపు నిలబెట్టాడు. పరుగు పందేనికి పంపుతూ నెత్తిన గంపెత్తినట్టు.

కొన్నేళ్ళకు ఈ కార్లు పాతబడి కుర్రాళ్ళ జేబుకు అందే ధరకు దిగాయి. కుర్రాళ్ళు కొన్నారు. కొని, అనవసరమనుకున్నవన్నీ పీకేశారు. మడ్‌గార్డులు పోయాయి, బంపర్లు పోయాయి, సైలెన్సర్ పోయింది, దాంతోపాటు చుట్టుపక్కలవాళ్ళ నిద్ర పోయింది. ఆదివారం వస్తే చాలు, లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మొహావీ ఎడారిలో ఉన్న ఎండు చెరువుల మీదికి దండు కదిలేది. నీళ్ళు లేని చెరువు చూస్తే మనకు కన్నీళ్ళొస్తాయి. వాళ్ళకు హుషారొచ్చేది. మైళ్ళ కొద్దీ బల్లపరుపు నేల, అడ్డం రావడానికి చెట్టు లేదు, పుట్ట లేదు, పోలీసు లేడు. మ్యూరాక్ అనే చెరువు అన్నిటికన్నా ప్రసిద్ధం. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి, ఈ దుమ్ము వ్యవహారానికి రూల్సు, గడియారాలు, వర్గీకరణలు సమకూర్చింది. తర్వాత సైన్యం వచ్చి మ్యూరాక్‌ను తీసుకుంది. ఈనాటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అదే. కుర్రాళ్ళు పెట్టేబేడా సర్దుకుని ఎల్ మిరాజ్ అనే ఇంకో ఎండు చెరువుకు మారారు. ధ్వనిని మించిన వేగంతో విమానం మొట్టమొదట ఎగిరింది తమ పాత చెరువు మీదేనన్న గర్వం మాత్రం వాళ్ళకు మిగిలింది.

ఈ సమాజంలోనూ అంతస్తులున్నాయి. అందరికన్నా పైన రోడ్‌స్టర్. పుట్టుకతోనే దానికి టాపు లేదు, మహా అయితే మడిచి పారేసే గుడ్డ. కూపే సంగతి వేరు. బిగించిన టాపు, తలుపులకు అద్దాలు. రోగుల ఇళ్ళకు తిరిగే డాక్టరు గారికి వాన తగలకుండా ఉండే మర్యాదస్తుల బండి. అలాంటి దాన్ని రేసుకు తెచ్చినవాణ్ణి రోడ్‌స్టర్ వాళ్ళు చూసే చూపు ఎలా ఉండేదో పెళ్ళి పంక్తిలో పిలవని చుట్టంగా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. పైన చెప్పిన అసోసియేషన్ పెద్దలు చాలాకాలం టాపున్న బండిని పోటీకే రానివ్వలేదు. యుద్ధం తర్వాత రస్సెట్టా టైమింగ్ అసోసియేషన్ అనే మరో సంఘం తలుపు తీసి, కూపేలూ రావచ్చంది. వచ్చాయి. అయితే సిగ్గుతో తల వంచుకుని వచ్చాయి. తల వంచడంలో రంపం సాయం చేసిందంతే.

రంపానికి శాస్త్రప్రమాణం కూడా ఉంది. బండి వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఆ అడ్డును తోసుకుపోవడానికి కావలసిన బలం ఎనిమిదింతలు. ఇంజన్‌లో ఎనిమిదింతల బలం పుట్టించాలంటే డబ్బు కావాలి. గాలికి ఎదురయ్యే రేకు తగ్గించాలంటే రంపం చాలు. టాపు వెడల్పు నాలుగడుగులనుకుని అరడుగు కోస్తే, రెండు చదరపు అడుగుల అడ్డం పోయినట్టే. కుర్రాడి దగ్గర ఉన్నది రంపం. కాబట్టి శాస్త్రం అటువైపే మొగ్గింది.

ఇక్కడ పాఠకులు ఒక పొరపాటు పడే ప్రమాదముంది. టాపును మోసే స్తంభాలు అడ్డంగా కోసి, మధ్య ముక్కలు తీసేసి, టాపును కిందికి దించి అతికిస్తే అయిపోయింది కదా అనుకుంటారు. కోసినవాళ్ళూ మొదట అలాగే అనుకున్నారు. ఫోర్డ్ కూపే కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. టాపు దించి చూస్తే, కింది మొండేలు బయటికి, పైవి లోపలికి, ఎవరి దారి వారిది. అప్పుడు రెండే మార్గాలు. స్తంభాలను లోపలికి వంచి టాపును అందుకోవాలి. లేదా టాపునే నిలువునా, అడ్డంగా చీల్చి, నాలుగు చెక్కలనూ ఎడంగా జరిపి, నడుమ కొత్త రేకు వేయాలి. అంటే చిన్నది చేద్దామని మొదలుపెట్టి పెద్దది చేయాలన్నమాట. ఇదయ్యాక తలుపుల పైచట్రాలు. అవీ కోయాలి, అవీ కుదరవు. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. దాన్ని సుత్తితో బుజ్జగించి, మిగిలిన సొట్టల్లో సీసం కరిగించి పోసి, రాసి, నునుపు చేసి, రంగు కొట్టి, "ఏముంది, చిన్న పనే" అని స్నేహితులతో అనాలి. ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఫోర్డ్ టాపు నడిమి భాగం ఇనుము కూడా కాదు, మైనపు గుడ్డలాంటి కప్పు. అది గాలికి ఎగిరిపోకుండా అక్కడా రేకు వేయాలి. ఆ రేకు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకో కారు టాపు నుంచి. ఒక తల తగ్గించడానికి ఇంకో తల బలి. ఏ మహత్కార్యమైనా ఇలాగే జరుగుతుంది.

ఈ విద్యకు పరాకాష్ఠగా నేను ప్రతిపాదించేది పియర్సన్ సోదరుల కూపే. బాబ్, డిక్ అనే అన్నదమ్ములు 1934 ఫోర్డ్ మూడు కిటికీల కూపే తీసుకున్నారు. మూడు, నాలుగు అంగుళాలు కోసి సరిపెట్టుకునే పిరికివాళ్ళు కారు. దగ్గర దగ్గర తొమ్మిది అంగుళాలు కోశారు. టాపుకూ నడుముకూ మధ్య మిగిలిన సందు చూస్తే అది కిటికీయా, ఉత్తరాల పెట్టె నోరా అన్న అనుమానం వస్తుంది. ఇంజన్ పని, రేసు ఇంజన్ల సామాను చేసే ఎడెల్‌బ్రాక్ షాపులో చేయి తిరిగిన బాబీ మీక్స్ చూశాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేసి, దేశభక్తిని కూడా గాలికి ఎదురుపెట్టారు.

నన్ను ముగ్ధుణ్ణి చేసింది రంగులూ కాదు, ఇంజనూ కాదు. ముందు అద్దం. ముందు అద్దం కనీసం ఏడు అంగుళాలుండాలని పోటీల నిబంధన అని చెబుతారు. నిబంధన రాసినాయన మంచివాడై ఉంటాడు. డ్రైవరుకు దారి కనబడాలనుకున్నాడు పాపం. పియర్సన్ సోదరులు ఆ వాక్యాన్ని ప్లీడరు గుమాస్తా శ్రద్ధతో చదివారు. ఏడు అంగుళాలుండాలి, సరే. నిలబడి ఉండాలని ఎక్కడుంది? లేదు. ఏడు అంగుళాల అద్దాన్ని యాభై డిగ్రీల వాలున వెనక్కి పడుకోబెట్టారు. టేపు పెట్టి అద్దం కొలిస్తే ఏడు. ఎదురుగా వచ్చే గాలి కొలుచుకుంటే ఐదుకు కాస్త అటో ఇటో. నిబంధన ముక్కలు కాలేదు, వంగిందంతే. దస్తావేజుల్లో ఒక అక్షరం పట్టుకుని మూడు తరాలు వ్యాజ్యం నడిపిన మన కోస్తా జిల్లాల పెద్దలు చూసి ఉంటే, ఈ కుర్రాళ్ళకు పిల్లనిచ్చి ఉండేవారు.

ఫలితం? రోగుల ఇళ్ళకు తిరగాల్సిన బండి గంటకు నూట యాభై మైళ్ళ దరిదాపుల్లో, అంటే మన లెక్కలో 240 కిలోమీటర్ల అంచున పరుగెత్తింది. 1950 ఏప్రిల్ సంచికకు హాట్ రాడ్ పత్రిక ఆ కూపేనే ముఖచిత్రంగా వేసింది.

డ్రైవరుకు దారి కనబడేదా అని అడిగే సంకుచిత మనస్కులుంటారు. ఎండిపోయిన చెరువులో కనబడాల్సిందేముంది? ముందు దుమ్ము, వెనక ఇంకా ఎక్కువ దుమ్ము. చిక్కల్లా ఇదే ఫ్యాషన్ ఊళ్ళోకి వచ్చినప్పుడు మొదలైంది. టాపు కోసిన కారులో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగితే, పైన వేలాడే లైటు ఏ రంగులో ఉందో తెలియదు. మెడ సాచి చూద్దామంటే తల టాపుకు తగులుతుంది. దీనికి పరిష్కారంగా టాపు కాస్త ఎత్తు పెంచుకోమని మీరూ నేనూ చెబుతాం. అమెరికా అలా ఆలోచించదు. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న గాజు పట్టకం అమ్మింది. పైన ఉన్న లైటు అందులో కింద కనబడుతుంది. కారు కోయడానికి ఒక ఖర్చు, కోసినందువల్ల కనబడనిది కనబడేందుకు ఇంకో ఖర్చు. ఆర్థిక వ్యవస్థ ఇలా కాక ఇంకెలా పెరుగుతుందో అర్థశాస్త్రవేత్తలే చెప్పాలి.

సుఖాల విషయం పొడిగించను. ఫ్లాట్‌హెడ్ అని పిలిచే ఆ ఫోర్డ్ వీ-8 ఇంజన్‌లో పొగ గొట్టాల దారి సిలిండర్ దిమ్మె గుండానే పోతుంది, అందుకని అది ఊరికే వేడెక్కుతుంది. ఆ వేడి డ్రైవరు ఒళ్ళోకి, ఆ వాసన ముక్కులోకి. గాలాడటానికి మిగిలింది పైన చెప్పిన ఉత్తరాల పెట్టె నోరు.

గౌరవాల సంగతికొద్దాం. హాట్ రాడర్ అంటే రౌడీ అని పత్రికలు రాసిన కాలంలోనే, 1948 జనవరిలో, రాబర్ట్ పీటర్సన్, రాబర్ట్ లిండ్సే కలిసి హాట్ రాడ్ పత్రిక పెట్టారు. 1949లో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానాల మీద స్పీడ్ వీక్ అనే వేగ పోటీల వారం మొదటిసారి జరిగింది. ఆ పైన మెల్లగా రౌడీలకు జుట్టు నెరిసింది, కార్ల ధర పెరిగింది. 1997లో, తెల్ల ప్యాంట్లూ గడ్డి టోపీలూ వేసుకుని కోటీశ్వరులు పచ్చిక మీద కార్లు చూసుకునే పెబుల్ బీచ్ ప్రదర్శనలో హాట్ రాడ్‌లకు మొట్టమొదటిసారి విడిగా పంక్తి వేశారు. మొదటి బహుమతి ఎవరికొచ్చిందంటారా? డోన్ స్పెన్సర్ చేసిన 1932 ఫోర్డ్‌కు. రోడ్‌స్టర్! 2014లో అమెరికా తపాలా శాఖ హాట్ రాడ్ బిళ్ళలు వేసింది. వాటి మీదా రోడ్‌స్టర్లే. తల కోయించుకున్నా కూపేకు కులం మారలేదన్నది చేదు నిజం.

అయినా మ్యూజియం దక్కింది. లాస్ ఏంజెలెస్‌లో విల్‌షైర్ బులెవార్డ్ మీద 1994లో తెరిచిన పీటర్సన్ మ్యూజియానికి మొదటి ఛైర్మన్ బ్రూస్ మేయర్. పియర్సన్ కూపే తర్వాతి కాలంలో ఆయన సేకరణలోకే చేరింది. పెబుల్ బీచ్‌లో బహుమతి కొట్టిననాటికి డోన్ స్పెన్సర్ బండీ ఆయనదే. అక్కడి తెలుగు ఇళ్ళకు ఆర్నెల్లుండి పోదామని వచ్చిన అమ్మానాన్నలను యూనివర్సల్ స్టూడియో, మాలిబు గుడి చూపించాక ఇలాంటి మ్యూజియానికి తీసుకువెళ్ళడం పరిపాటి. అమ్మ చూసి, "ఇదేంట్రా, నలిగిపోయిన బండిని ఇక్కడ పెట్టారు?" అంటుంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి, మైలేజీ ఎంతని అడుగుతారు. నా దృష్టిలో ఆ కార్ల గురించి వెలువడిన సాహిత్యంలో ఈ రెండు వాక్యాలకు మించిన విమర్శ లేదు.

ఎందుకంటే తక్కిన విమర్శకులకు మతిపోయింది. ఆనాటి కుర్రాడు ఫ్యాక్టరీ బిగించిన ఒక్క నట్టునూ నమ్మలేదు. నచ్చనిది కోశాడు, దొరికింది అతికించాడు, వచ్చే వారానికి అదీ పీకాడు. ఈనాటి న్యాయనిర్ణేతలు అదే కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి లైటు వేసి, కార్బురేటర్ ఆ కాలపు స్ట్రాంబర్గ్ 97 అవునా కాదా, బోల్టు తల మీద గుర్తు సరైనదేనా అని పరీక్షిస్తున్నారు. మార్చడం కోసమే పుట్టిన బండిలో ఒక మర మారిస్తే మార్కులు కట్. ఆ కుర్రాడే ఇవాళ రంపం పట్టుకుని తన సొంత కారు దగ్గరికి వస్తే సెక్యూరిటీ గార్డు పట్టుకుంటాడు. పట్టుకోవాలి కూడా. చారిత్రక సంపద అది.

పాతది దొరకనివాళ్ళకూ లోటు లేదు. కొత్త రేకుతో, ఫైబర్ గ్లాసుతో చేసిన 1930ల కూపే బాడీలు అమ్ముతున్నారు, ముందే టాపు కోసినవి కూడా. పుట్టకముందే తల తగ్గించుకున్న ఈ శిశువులకు రంగు వేసి, దాని మీద తుప్పు బొమ్మ గీసి, ఆ తుప్పు చెరిగిపోకుండా మెరిసే పూత వేసే చిత్రకారులూ ఉన్నారు. ఇంకోవైపు, అందరూ కోసుకుంటూ పోవడంతో కోయని కూపేలు కరువై, ఇప్పుడు కోసిన వాటికే వేరే బండి టాపు తెచ్చి మళ్ళీ ఎత్తు పెంచే మేస్త్రీలు బయల్దేరారు. కోతకు ఎంత పట్టిందో అతుక్కీ అంతే పడుతోందట. వృత్తి నిలకడగా ఉంది.

చివరగా నా విన్నపం. న్యాయనిర్ణేతలు అసలుతనానికే పట్టం కడతామంటున్నారు కాబట్టి ఒక సాంకేతిక అంశం వారి దృష్టికి తెస్తున్నాను. ఆ కూపేలో ఏ భాగాన్ని తీసుకున్నా ఎవరో ఒకరు వంచారు, సాగదీశారు, సీసం పోశారు, రంగు మార్చారు. హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, మార్పూ చేర్పూ లేకుండా మిగిలిన భాగం ఒక్కటే: కోసి షెడ్డు మూల పారేసిన ఆ తొమ్మిది అంగుళాల ముక్కలు. పెబుల్ బీచ్ పచ్చిక మీద వాటికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టాలి. ముక్కలకు చక్రాలు లేవు కాబట్టి యజమానులు చంకలో పెట్టుకుని రావచ్చు. అద్దం కొలత నిబంధన వర్తించదు.