బడిల థెరపీ వద్దంటున్న ఫార్వర్డ్‌కు నా జవాబు

మా హనుమకొండ, కాజీపేట గ్రూపులల్ల ఓ మెసేజ్ తెగ తిరుగుతున్నది. సర్కారు బడులల్లకు ప్రైవేట్ ఆటిజం థెరపిస్టులను రానియ్యొద్దంట, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటర్లు ఉన్నయంట, థెరపీ క్లినిక్‌లనే చేయించుకోవాల్నంట, బయటోళ్లు వస్తే పిల్లలకు భద్రత ఉండదంట, బడి దుకాణమైతదంట. ఆటిజం ఉన్న పిల్లగాని తండ్రిని, అందుకే ఒక్కొక్కటి చెప్త.

భవిత సెంటర్ మంచిదే, అక్కడి మేడమ్‌లు మస్తు కష్టపడ్తరు. కానీ మండలం మొత్తానికి ఒకరో ఇద్దరో ఐఈఆర్పీలు (ఇసొంటి పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక టీచర్లు), వాళ్లే సెంటర్ చూడాలె, వాళ్లే బడులు తిరగాలె, కదల్లేని పిల్లల ఇండ్లకు కూడా వాళ్లే పోవాలె. ప్రైమరీల ఇసొంటి పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచర్, పైక్లాసులల్ల 15 మందికి ఒకరు ఉండాలని కేంద్ర సర్కారు 2022లనే చెప్పింది. ఆ పోస్టులు నిండేదాకా పిల్లల వయసు ఆగుతదా?

ఇగ క్లినిక్. అసలు తప్పు ఇక్కడుంది. క్లినిక్ రూముల గంట మోగదు, ప్లేటు పట్టుకొని మధ్యాహ్న భోజనం లైన్ల నిలబడే పని లేదు. మావాడు అక్కడ గ్లాసు బొమ్మ కార్డు చూపించి నీళ్లడుగుతడు, అదే బడిల గంట కొట్టంగనే రెండు చెవులు మూసుకొని బెంచి కిందికి దూరుతడు, కార్డు బ్యాగులనే ఉంటది, అది దేనికో సార్‌కు తెల్వదు. థెరపిస్ట్ అప్పుడప్పుడు ఆ లైన్లనే వాని పక్కన నిలబడితే వానికి అలవాటైతది, సార్‌కూ తెలుస్తది. 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఆటిజం ఉంది, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల దాకా దగ్గరి బడిల ఉచిత చదువు హక్కు. ఊకె కూసోబెడితే అది చదువెట్లయితది?

భద్రత భయం నాకూ ఉంది, మాటలు రాని పిల్లగాడు ఏం జరిగిందో ఇంటికొచ్చి చెప్పలేడు. అందుకే స్పెషల్ ఎడ్యుకేటరైనా స్పీచ్ థెరపిస్టయినా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చూడాలె, హెడ్‌మాస్టర్ పర్మిషన్ కాగితం మీద ఉండాలె, తలుపేసిన రూముల ఒక్కన్ని అప్పజెప్పొద్దు.

దుకాణం అనేది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. బడిల ఫీజు తీస్కోవద్దు, పాంప్లెట్లు పంచొద్దు, ఫలానా సెంటర్‌కు పోండ్రి అని టీచర్లు చెప్పొద్దు. నిజానికి పైసలు సర్కారే కట్టాలె, లేకుంటే ఉన్నోళ్ల పిల్లలకే థెరపీ అందుతది. గదాని కోసం అందరం కలిసి అడుగుదాం, కానీ అందాక అప్పు చేసి థెరపీ ఇప్పిస్తున్న తల్లిదండ్రులను గేటు కాడ ఆపొద్దు.