సవరణ: చాట్‌బాట్ 700 మంది పని చేసిందంటే ఏమిటి?

కస్టమర్ సర్వీసులో ఏఐ గురించి రాసిన గత పోస్టులో, స్వీడన్ పేమెంట్స్ కంపెనీ క్లార్నా చాట్‌బాట్ (కస్టమర్లతో చాట్ చేసే ఏఐ ప్రోగ్రామ్) 700 మంది ఏజెంట్ల పని చేస్తోందన్న మాట ఉంది. చాలామంది దాన్ని 700 మందిని తీసేశారని అర్థం చేసుకున్నారు. అందుకే ఈ వివరణ.

2024 ఫిబ్రవరిలో క్లార్నా చెప్పింది ఇదీ: మొదటి నెలలో ఆ బాట్ 23 లక్షల సంభాషణలు నడిపింది, అంటే మొత్తం చాట్‌లలో మూడింట రెండు వంతులు. 700 అనేది పని ఎంతో చెప్పడానికి వేసిన లెక్క, ఉద్యోగం పోయినవాళ్ల సంఖ్య కాదు. పైగా అది కంపెనీ సొంత లెక్క. 2025లో అదే కంపెనీ అధిపతి నాణ్యత తగ్గిందని ఒప్పుకున్నారు. కోరుకున్న కస్టమర్‌కు మనిషి దొరికేలా మళ్లీ నియామకాలు మొదలయ్యాయి. ఈ సంగతి చెప్పకుండా మొదటిదే చెబితే ఈ రంగంలో పనిచేసేవాళ్లకు టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

బాట్ తప్పు చెబితే బాధ్యత ఎవరిదని కూడా అడిగారు. ఎయిర్ కెనడా బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పిన కేసులో, 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ (చిన్న వివాదాలు తేల్చే సంస్థ) కంపెనీదే బాధ్యత అంది, ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది. ఆయన ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకున్నారు. మీరూ దాచుకోండి.