ఘటోత్కచుడికి చప్పట్లు, హాఫ్-ఆర్క్‌కి చీవాట్లు

మన సంఘం పత్రిక పోయిన సంచికలో, అమెరికావాళ్లూ ఊళ్లోవాళ్లూ కలిసే మన విశాఖ డిసెంబరు సమ్మేళనం నివేదికకి నాలుగు పేజీలు కేటాయించారు. జ్యోతి ప్రజ్వలన ఎవరెవరు చేశారో, శాలువాలు ఎవరికి కప్పారో, ఎవరి ప్రసంగం సాగి సాగి భోజనాలు రెండున్నరకి మొదలయ్యాయో (సరే, ఈ చివరిది రాయలేదు) అన్నీ ఉన్నాయి. పిల్లల గదికి దక్కింది ఒక్క వాక్యం. కొందరు పిల్లలు ఏదో రాక్షసుల ఆట ఆడారట, విజేతలంటూ లేకపోవడంతో బహుమతులు ఇవ్వలేకపోయారట, వచ్చే ఏడాది దాని బదులు క్విజ్ పెడతారట.

అది చదివాక నాకు ఒళ్లు మండింది. ఆ గదిలో మొదటి నుంచి చివరిదాకా కూర్చున్న పెద్దవాళ్లలో నేనొక్కదాన్నే. ఆట చెడింది పిల్లల వల్ల కాదు, విజేతలు లేకపోవడం వల్లా కాదు. పిల్లలు తమకి నప్పిన తెగల్ని ఎంచుకుంటే పెద్దలు వచ్చి మార్పించడం వల్ల.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చారు. స్క్రీన్ అక్కర్లేదు. డంజన్ మాస్టర్ అనే ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర కట్టుకుని అందులో తిరుగుతారు. గెలుస్తామో లేదో తెలియని పని ఏది తలపెట్టినా ఇరవై ముఖాల డైస్ వేసి తేల్చుకోవాలి. పాత్ర కట్టుకునేటప్పుడు ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ తెగ (మామూలు మనిషి గానీ, ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటి కథల్లోని జాతి గానీ), ఏ వృత్తి. వృత్తి సంగతి ఇప్పుడు వదిలేద్దాం, గొడవ తెగ దగ్గరే జరిగింది.

మా మేనకోడలు విశాఖలోనే ఇంజనీరింగ్ చదువుతోంది. ఫ్రెండ్స్‌తో ఈ ఆట ఆడీ ఆడీ ఆరితేరింది. ఆ రోజు తనే డంజన్ మాస్టర్. టేబుల్ చుట్టూ ఆరుగురు పిల్లలు, ముగ్గురు అమెరికా నుంచి వచ్చినవాళ్లు, ముగ్గురు ఊళ్లోవాళ్లు. మన కార్యక్రమాల్లో ఈ రెండు బ్యాచ్‌లూ ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. వీళ్ల యాస వాళ్లకి అర్థం కాదు, వాళ్ల యాసకి వీళ్లు నవ్వుతారు, భోజనాల దగ్గర కూడా వేరే వేరే బల్లలు.

మేనకోడలు ఎవరికీ పుస్తకం ఇవ్వలేదు. ఒక్క ప్రశ్న వేసింది. “చీకటి గుహ. లోపల ఒక తలుపు మూసి ఉంది. నువ్వేం చేస్తావు?” గాజువాక కుర్రాడు, “తన్నేస్తా” అన్నాడు. జెర్సీ అమ్మాయి పక్కన సందేమైనా ఉందా అని అడిగింది. ఎంవీపీ కాలనీ పిల్లాడికి రోబోల పిచ్చి, తాళం ఎలా పనిచేస్తుందో చూడాలన్నాడు. డాలస్ నుంచి వచ్చినవాడు తలుపు కొట్టి, “అంకుల్, దారి తప్పాం అని చెబుతా” అన్నాడు. ఇంకో అమ్మాయి ఏ మాటా మాట్లాడకుండా తలుపుకి చెవి ఆనించినట్టు అభినయించింది. మధురవాడ పిల్ల, “ముందు అందరూ నా వెనక్కి రండి, ఎవరికీ దెబ్బ తగలకూడదు” అంది. ఆ జవాబుల్ని బట్టి తను తెగలు చూపించింది, వాళ్లు తీసుకున్నారు. తెగ ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు.

ఎందుకో చెబుతాను. మేనకోడలు వాడిన పుస్తకంలో ప్రతి తెగకీ రెండు రకాల వరాలుంటాయి. ఒకటి, అంకెల్లో కలిసేది. రెండోది, సందర్భం వచ్చినప్పుడు పనికొచ్చేది. కొత్తవాళ్లు అంకెల్ని చూస్తారు. ఆడినకొద్దీ గుర్తుండేది మాత్రం రెండోదే. తన్నేస్తానన్నవాడికి హాఫ్-ఆర్క్ (సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షస జాతి) ఎందుకంటే, ముందుకి దూకేవాడు ఎలాగూ దెబ్బలు తింటాడు. హాఫ్-ఆర్క్ ప్రాణం సున్నాకి పడిపోయినా ఒకసారి ఒక పాయింటుతో మళ్లీ లేచి నిలబడతాడు. పూర్తి విశ్రాంతి తీసుకుంటే గానీ ఆ వరం తిరిగి రాదు. వెనక నిలబడి మంత్రాలు వేసే పిల్లకి ఈ వరం ఇస్తే ఆటంతా అయినా బయటికి తీయదు. వీడికైతే మొదటి గంటలోనే అవసరం పడుతుంది.

సందులు వెతికే జెర్సీ అమ్మాయికి హాఫ్లింగ్. పొట్టి జాతి. తనకంటే పెద్ద ఆకారం అడ్డంగా నిలబడ్డా దాని పక్కనుంచి దూరిపోగలదు. అంతకంటే ముఖ్యమైనది అదృష్టం. ఇరవై ముఖాల డైస్ మీద ఒకటి పడితే, ఆ డైస్ మళ్లీ వేయొచ్చు. మామూలు పాత్రకి ఇరవైలో ఒక వంతు ఉండే దురదృష్టం హాఫ్లింగ్‌కి నాలుగు వందల్లో ఒక వంతుకి దిగుతుంది. మొదటిసారి ఆడే పిల్లలు ఒకటి పడగానే మొహం వేలాడేస్తారు. భయపడుతూ డైస్ వేసే పిల్లలకి నేనైతే కళ్లు మూసుకుని హాఫ్లింగ్ ఇస్తాను.

తాళాల పిల్లాడికి నోమ్ అనే ఇంకో పొట్టి జాతి, కీ ఇస్తే కదిలే చిన్న చిన్న బొమ్మలు తయారుచేసే రకం. మాటకారికి హాఫ్-ఎల్ఫ్ (సగం మనిషి, సగం ఎల్ఫ్), రెండు నైపుణ్యాలు అదనంగా వస్తాయి గనక ఒప్పించడం ఒకటి, బొంకడం ఒకటి తీసుకున్నాడు. చెవి ఆనించిన అమ్మాయికి ఎల్ఫ్, వాళ్లకి కళ్లూ చెవులూ చురుకు, నిద్ర బదులు నాలుగు గంటల ధ్యానం చాలు, రాత్రి కాపలాకి అంతకంటే ఏం కావాలి? అడ్డం నిలబడే మధురవాడ పిల్లకి డ్వార్ఫ్, పొట్టిగా గట్టిగా ఉండే జాతి. నడక కాస్త నెమ్మది గానీ బరువైన కవచం తొడిగినా ఆ నడక తగ్గదు, విషం అంత తేలిగ్గా ఎక్కదు.

సరిగ్గా అప్పుడొచ్చారు మన గౌరవ సలహాదారు గారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకుని పుస్తకం తిరగేశారు. మేనకోడలి దగ్గరున్నది 2014 నాటి ఎడిషన్, అందులో ఒక్కో తెగకి ఇన్నేసి పాయింట్లు అదనం అని రాసి ఉంటుంది. ఆయన పెన్ను తీసి కాగితం నాప్కిన్ మీద నిలువుగా వేసుకుంటూ వచ్చారు. హాఫ్-ఆర్క్, మూడు. హాఫ్లింగ్, మూడు. హాఫ్-ఎల్ఫ్, నాలుగు. మనిషికి బలం, తెలివి లాంటి ఆరు గుణాల్లో తలా ఒకటి, మొత్తం ఆరు. ఆరు కింద రెండు గీతలు గీశారు. “ఆరొస్తుంటే మూడు తీసుకుంటారేటి? అయినా ధనుర్మాసంలో ఈ రాక్షస వేషాలేటి? అందరూ మనుషుల్నే తీసుకోండి.”

మేనకోడలు నావైపు చూసి, “అత్తా, ఇదేటి?” అంది గొంతు తగ్గించి. ఊళ్లో పిల్లలు పెద్దాయన మాటకి ఎదురు చెప్పరు. వాళ్లు తమ పాత్ర షీట్ల మీద తెగ పేరు కొట్టేశారని అమెరికా పిల్లలూ కొట్టేశారు. ఆరు షీట్ల మీద ఆరుగురు మనుషులు.

కూడికలో తప్పు లేదు, ఆటకి మాత్రం అది వర్తించదు. డైస్ మీద పడిన అంకెకి కలిసేది గుణం స్కోరు కాదు, ఆ స్కోరు నుంచి వచ్చే మాడిఫయర్ అనే చిన్న అంకె. అది సరి సంఖ్య దగ్గరే పెరుగుతుంది, 12కి ఒకటి, 14కి రెండు, 16కి మూడు. పిల్లలకి ఇచ్చిన స్కోర్లు పుస్తకంలోని మామూలు వరస: 15, 14, 13, 12, 10, 8. మనిషికి అన్నిటికీ ఒకటి కలిపితే 16, 15, 14, 13, 11, 9. నిజంగా పెరిగినవి రెండే! మిగతా నాలుగు పాయింట్లూ ఆ రోజుకి ఎందుకూ కొరగావు. హాఫ్-ఆర్క్ రెండు పాయింట్లు 14 మీద, ఒకటి 15 మీద వేసుకుంటే అతనికీ రెండు పెరుగుతాయి, పైన వరాలు ఉచితం. హాఫ్-ఎల్ఫ్‌కి మూడు పెరుగుతాయి. ఇది మా మేనకోడలు తరవాత చెప్పింది, నేను కాగితం మీద వేసుకుని చూశాను, నిజమే.

గుహలో ఏమైందో ఊహించుకోండి. మనుషులకి చీకట్లో కళ్లు కనిపించవు. హాఫ్-ఆర్క్‌కి, ఎల్ఫ్‌కి, డ్వార్ఫ్‌కి అరవై అడుగుల దాకా కనిపిస్తుంది. మొదటి ప్లాన్ ప్రకారం హాఫ్-ఆర్కూ ఎల్ఫూ దీపం లేకుండా ముందెళ్లి చూసి రావాలి. ఇప్పుడు మనుషులందరూ కాగడాలు పట్టుకుని బారులు తీరారు. కాగడా వెలుగు ఇరవై అడుగులు, ఆపైన ఇంకో ఇరవై అడుగులు మసక. అవతల గోబ్లిన్లనే చిన్న రాక్షసులకి చీకట్లో బాగానే కనిపిస్తుంది, పైగా కాగడాలు చూపించి మరీ పిలిచినట్టుంది. వరసగా బాణాలు. గాజువాక కుర్రాడు ముందుకి దూకనే దూకాడు, వాడి స్వభావం ఎక్కడికి పోతుంది? పడిపోయాడు. మళ్లీ లేచే వరం షీట్ మీద కొట్టేసి ఉంది. మిగతా గంటా వాడు కుర్చీలో వెనక్కి వాలి ఫోన్ చూసుకున్నాడు. నివేదిక రాసినవాళ్లు తొంగిచూసింది అప్పుడే అనుకుంటాను.

ఇక రాక్షసుడి సంగతి. అదే సాయంత్రం అదే ప్రాంగణంలో వేదిక మీద ఒక బాబు ఘటోత్కచుడి ఏకపాత్రాభినయం చేశాడు. ఈలలే ఈలలు. మొదటి బహుమతి. మెమెంటో ఇచ్చింది మన సలహాదారు గారే. భీముడికీ హిడింబికీ పుట్టిన ఘటోత్కచుడు సగం మనిషి, సగం రాక్షసుడు కాక మరేమిటి? 1957లో ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గద పట్టుకున్నప్పటి నుంచీ మనవాళ్లు అతణ్ణి ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నారు. చీకటి పడితే బలం పెరుగుతుంది, అందుకే కురుక్షేత్రంలో అతని యుద్ధం రాత్రి పూట. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రుడి శక్తిని తన మీదికి తెచ్చుకుని పడిపోయాడు. వాడు ముందుంటాడు, మనవాళ్లు వెనక బతుకుతారు. గాజువాక కుర్రాడు అడిగిందీ అదే పాత్ర. పద్యం చెబితే సంస్కృతి, డైస్ వేస్తే రాక్షస వేషమా? (ధింసా డాన్సుకి మన పిల్లలకి చుట్టిన ఆకులూ ఈకలూ అరకు వాళ్లు చూస్తే ఏమనేవారో, అది ఇంకో వ్యాసం.)

అసలు ఈ ఆట కూడా మనకేం తీసిపోలేదు. 1978 నాటి రూల్ బుక్‌లో పాలడిన్ అనే ధర్మవీరుడు కావాలంటే మనిషిగానే పుట్టాలి. డ్వార్ఫ్ మంత్రగాడు కాలేడు. మిగతా తెగలవాళ్లు చాలా వృత్తుల్లో ఇంత స్థాయి దాటి ఎదగకూడదని గీతలు గీసి ఉండేవి. 1981లో వచ్చిన బేసిక్ రూల్స్‌లో ఎల్ఫ్, డ్వార్ఫ్ అంటే అదే తెగ, అదే వృత్తి. చదివితే ఎక్కడో విన్నట్టే ఉంటుంది కదా. వాళ్లు మార్చుకున్నారు. 2020లో తెగ పాయింట్లు ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోవచ్చన్నారు. 2024 పుస్తకంలో ఆ పాయింట్లని తెగ నుంచే తీసేశారు, ఇప్పుడవి పాత్ర పెరిగిన నేపథ్యం నుంచి వస్తాయి, అందరికీ మూడే. నాప్కిన్ మీద కూడికకి ఇక పనే లేదు. తెగల దగ్గర మిగిలింది వరాలు మాత్రమే. మన దగ్గర మాత్రం ఆ మధ్యాహ్నం బంతిలో ఇదే గాజువాక కుర్రాణ్ణి ఒకరు కాదు ఇద్దరు అడిగారు, “ఎవరి తాలూకా బాబూ? ఇంటిపేరేటి?” అని. ఊరి మీద ప్రేమతో అడిగారని నమ్మడానికి నేను శాయశక్తులా ప్రయత్నించాను.

పెద్దల వైపు న్యాయం లేకపోలేదు. అమెరికా నుంచి పిల్లల్ని తీసుకురావడమంటే టికెట్లకే తలప్రాణం తోకకి వస్తుంది. ఉన్న నాలుగు రోజుల్లో సింహాచలం దర్శనం, తాతమ్మ ఇల్లు, ఒక పెళ్లి, బీచ్ రోడ్డులో మురీ మిక్చర్, ఇవన్నీ కుదరాలి. ఇంత ఖర్చుపెట్టి వచ్చి పిల్లలు ఇంగ్లీష్ పేర్ల ఆట ఆడుకోవడమేమిటి, అది అక్కడే ఆడుకోవచ్చుగా అని తల్లిదండ్రులు అడిగితే ఒప్పుకోవాల్సిందే. మనిషి తెగ చెడ్డదనీ నేననను. గుర్తుపెట్టుకోవాల్సినవి తక్కువ, కొత్తవాళ్లకి హాయి. అమెరికాలోని తానా, ఆటా లాంటి పెద్ద తెలుగు సంఘాలైనా మన ఊరి చిన్న సంఘమైనా పిల్లల పోటీలు పెట్టేది వాళ్ల మంచికే.

కానీ ఒకటి చెప్పండి. పద్యాల పోటీలో మన పిల్లలూ ఊరి పిల్లలూ ఎన్ని మాటలు మాట్లాడుకుంటారు? ఆ టేబుల్ దగ్గర మొదటి అరగంట మొత్తం తెలుగే. జెర్సీ అమ్మాయికి “ఎనకాతల ఉండు” అంటే ఏమిటో ఎవరూ అర్థం చెప్పలేదు, ప్రాణం మీదికొస్తుంది గనక అర్థమైపోయింది. ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో, “నువ్వు కొట్టు, నేను కింద నుంచి వెళ్తా” అంటే గాజువాక కుర్రాడు నవ్వలేదు, సరేనన్నాడు. ఏ తెలుగు బడి పెడితే ఇది వస్తుంది?

అందుకని కమిటీకి నా విన్నపం. క్విజ్ పెట్టుకోండి, వద్దనను, ఇంకో గదిలో పెట్టండి. వచ్చే డిసెంబరులో ఈ పిల్లలకి మూడు గంటలు, ఒక గది, ఒక బల్ల చాలు. మైకు వద్దు, బహుమతులు వద్దు, ఫొటోకి మధ్యలో నిలబెట్టొద్దు. కొత్త పుస్తకం నేను కొనిస్తాను, డైస్ సెట్లు మేనకోడలు తెస్తుంది, క్యారెక్టర్ షీట్లు తెలుగులో తయారవుతున్నాయి. తలుపు ప్రశ్న అడగనిదే ఎవరికీ తెగ ఇవ్వం, ఇచ్చాక ఎవరూ మార్పించకూడదు. పెద్దలు గదిలోకి రావొచ్చు, కాకపోతే వచ్చినవాళ్లు తామూ ఒక పాత్ర కట్టుకుని కూర్చోవాలి. సలహాదారు గారికి నేనిప్పుడే డ్వార్ఫ్ అట్టేపెట్టాను. గుమ్మం దగ్గర కాపలా, దొరికిన బంగారం లెక్క, రెండూ ఆయనకి ఇష్టమే.