ఇటలీ ఇల్లంటే మెరిసే పాలరాయి కాదు

నిన్న మా బిల్డింగ్‌లో రెండో అంతస్తు ఫ్లాట్ గచ్చు పగలగొట్టారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల కింద సంచుల నిండా ముక్కలు. ఎరుపు, తెలుపు, నలుపు పాలరాతి చిప్స్ పొదిగిన పాత గచ్చు. దాని బదులు వేస్తున్నది చెక్కలా కనిపించే ప్లాస్టిక్ షీటు. కోపం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది. ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను, ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది.

నేను ఇటలీలోని పాదువాలో ఉండబట్టి ఆరేళ్లయింది. వెనిస్‌కి రైల్లో అరగంట. ఇక్కడికి రాకముందు ఇటలీ ఇల్లంటే నాకు తెలిసింది హైదరాబాద్ ఫ్లాట్ల బ్రోచర్లలో చూసిందే: అద్దంలా మెరిసే తెల్ల పాలరాయి, బంగారు రంగు హ్యాండిళ్లు, పెద్ద షాండ్లియర్. ఇన్నేళ్లలో ఇక్కడ నేను వెళ్లిన మామూలు ఇళ్లలో అలాంటిది ఒక్కటీ చూడలేదు. చూసింది సున్నం, కాల్చిన మట్టి, చెక్క. వాటితో పాటు ఎండనీ వాననీ బాగా ఎరిగిన బుర్ర.

ఆ గచ్చు సంగతే చెప్తాను. దీన్ని ఇక్కడ టెరాజో అంటారు. సున్నంలో ఇటుక, పెంకు ముక్కలు దంచి కలిపి అడుగు పొర వేస్తారు. దాని మీద మెత్తటి పొర. అది పచ్చిగా ఉండగానే పాలరాతి చిప్స్ చేత్తో చల్లుతారు, మనవాళ్లు నారుమడిలో విత్తనాలు చల్లినట్టే. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా సెమినాటో, అంటే విత్తినది అని. తర్వాత బరువైన రోలర్ దొర్లించి, గట్టిపడ్డాక రాతితో అరగదీసి, చివర్లో అవిసె నూనె పట్టిస్తారు. పాలరాయి చెక్కేచోట మిగిలిపోయిన ముక్కల్ని పారేయకుండా వాడుకునే పద్ధతి ఇది. వెనిస్ దీన్ని అంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడి ఇళ్లు బురదలో దిగ్గొట్టిన కొయ్య దుంగల మీద నిలబడ్డాయి, కాబట్టి ఇల్లు కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంటుంది. పెద్ద రాతి పలకలు పరిస్తే పగులుతాయి. సున్నపు గచ్చు ఆ కదలికకి సర్దుకుంటుంది. ఎక్కడైనా నెర్రె విచ్చితే అదే సున్నంతో, అవే చిప్స్‌తో పూడ్చి మళ్లీ నూరితే సరిపోతుంది. ఈ పనివాళ్లలో చాలామంది పక్కనున్న ఫ్రియూలి ప్రాంతం వాళ్లు. అక్కడ స్పిలింబెర్గో ఊళ్లో 1922లో పెట్టిన మొజాయిక్ బడి ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి పనిని ఒక్క పూట డ్రిల్లింగ్‌తో సంచుల్లోకి ఎత్తేశారు.

ఇక కిటికీ రెక్కలు. వెనిస్, పాదువా ఉన్న ఈ వెనెతో ప్రాంతంలో బయటివైపు బిగించే గట్టి చెక్క తలుపుల్ని స్కూరి అంటారు. మా ఇంటి ఓనర్ గారు మాత్రం వాటిని బాల్కనీలు అంటారు, ఇక్కడి యాసలో అంతే. మొదటి వేసవిలో ఆవిడ పైకొచ్చి, నేను పగలంతా కిటికీలు బార్లా తెరిచి పెట్టానని గట్టిగా మందలించారు. పొద్దున తొమ్మిదింటికల్లా రెక్కలు మూసెయ్యాలి, సాయంత్రం ఎండ తగ్గాక ఎదురెదురు కిటికీలు రెండూ తెరవాలి. అలా చేసిన రోజు నుంచి ఫ్యాన్ వాడకం సగానికి సగం తగ్గింది. జెనోవా వైపు రెక్కలు ఇంకా బాగుంటాయి. సన్నటి చెక్క పలకలతో ఆకుపచ్చ రంగువి, కింది భాగం విడిగా పైకి లేస్తుంది. దాన్ని కాస్త ఎత్తి పెట్టుకుంటే ఎండ రాదు, గాలొస్తుంది, వీధిలో ఎవరు పోతున్నారో లోపల్నుంచి కనిపిస్తుంది, మనం మాత్రం వాళ్లకి కనపడం. ఇప్పుడు రిపేర్ పేరుతో వాటిని పీకేసి ఉత్త అద్దాలు పెట్టి, ఆపైన ఏసీ బిగిస్తున్నారు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

బొలోన్యా వెళ్లినవాళ్లకి అక్కడి పోర్టికోలు తెలుసు. అంటే ఇంటి పై అంతస్తు ముందుకొచ్చి స్తంభాల మీద నిలబడితే, కింద ఏర్పడే నీడదారి. 1288లోనే ఊరి చట్టం కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఈ నీడదారికి చోటు వదలాల్సిందేనని చెప్పింది. గుర్రం మీద మనిషి తల తగలకుండా పోయేంత ఎత్తు, ఇప్పటి లెక్కలో 2.66 మీటర్లు ఉండాలంది. స్థలం ఇంటివాడిది, నడిచే హక్కు అందరిదీ. మొత్తం కలిపితే 62 కిలోమీటర్లు ఉన్నాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వానలో గొడుగు లేకుండా ఆ దారిన నడుస్తుంటే నాకు మా తాతగారింటి వీధి అరుగు గుర్తొచ్చింది. దారినపోయే వాళ్లెవరైనా అక్కడ కాసేపు కూర్చుని వెళ్లేవాళ్లు.

పాతదంతా గొప్పది అనడం లేదు. దక్షిణాన మతేరాలో కొండ తొలిచి కట్టుకున్న సాస్సి ఇళ్లలో మనుషులూ పశువులూ ఒకే గదిలో, గాలి లేక, రోగాలతో బతికారు. 1952లో ప్రత్యేక చట్టం చేసి వాళ్లని అక్కడి నుంచి తరలించారు. చెయ్యాల్సిన పనే. కానీ అవే ఇళ్లని తర్వాత నీళ్లు, కరెంటు పెట్టి బాగు చేశారు, 1993లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. నేను అడిగేది కూడా అదే. ఉన్నదాన్ని పగలగొట్టకుండా బాగు చేసుకోవచ్చు కదా?

ఇంత బాధపడటానికి నా సొంత కారణం ఒకటుంది. గుంటూరులో మా ఇంటి హాల్లో మొజాయిక్ గచ్చు ఉంది. మనం మొజాయిక్ అని పిలుచుకునేది ఈ టెరాజోనే, కాకపోతే మన దగ్గర సున్నం బదులు సిమెంట్. వేసవి మధ్యాహ్నం దాని మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. మొన్న ఫోన్లో అమ్మ సంతోషంగా చెప్పింది: "వచ్చే నెల టైల్స్ వేయిస్తున్నాం రా, ఇటాలియన్ డిజైన్ అంట, షాపులో చూసొచ్చాం."

నేను కూర్చున్న చోటు ఇటలీయే. ఇక్కడ తవ్వి పారేస్తున్నదీ, అక్కడ మూసేయబోతున్నదీ ఒకే గచ్చు. ఈ మాటే అమ్మకి చెప్పాను. "మచ్చలు పడ్డాయి రా, ఎంత తుడిచినా పోవట్లేదు" అంది. అమ్మ బాధ కూడా నిజమే, రోజూ తుడిచేది తనే. ఒక్కసారి మిషన్‌తో పాలిష్ పట్టించి చూడండి, అప్పటికీ నచ్చకపోతే మీ ఇష్టం అన్నాను. నాన్న ఫోన్ తీసుకుని, ఆ పని చేసేవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారు అన్నారు.

గుంటూరు, తెనాలి వైపు పాత మొజాయిక్‌కి పాలిష్ పట్టే మేస్త్రీలు ఎవరైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి. టైల్స్ వాళ్లకి అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.